ఎవరి తరఫున ఎవరు అమ్ముతున్నారు?

చిన్నా,

నువ్వు పంపిన అగ్రిమెంటు ముసాయిదా రెండుసార్లు చదివాను. ఫ్లాటు ఎలా ఉందన్నది తర్వాత చూద్దాం, ముందు మొదటి పేజీలో అమ్మేవారి పేర్లున్న చోటు తియ్యి. నలుగురు భూయజమానుల పేర్లు, ఆ కింద ‘వీరి తరఫున జీపీఏ హోల్డరైన ఫలానా ప్రైవేట్ లిమిటెడ్, సదరు కంపెనీ తరఫున డైరెక్టరు’ అని రాశారు. జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఆ కంపెనీయే నీ బిల్డరు. స్థలం ఒకరిది, అమ్మే అధికారం ఇంకొకరిది, సంతకం మూడో మనిషిది. ఈ ముగ్గురినీ కలిపే కాగితాలు రెండూ నీ చేతికి రావాలి.

మొదటిది డీఏజీపీఏ, అంటే డెవలప్‌మెంట్ అగ్రిమెంటూ జీపీఏ కలిపి రిజిస్టరు చేసిన దస్తావేజు. జీపీఏ అంటే ఒకరి బదులు పని చేసే అధికారమే, ఆస్తి మీద హక్కు కాదు. జీపీఏ మీద కొంటే కొన్నట్టు కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. బిల్డరుకు కట్టడానికి, అమ్మడానికి ఇచ్చే నిజమైన జీపీఏలను ఆ తీర్పు తప్పుపట్టలేదు కాబట్టి నీ సేల్ డీడ్ మీద కంపెనీ సంతకం చెల్లుతుంది. కానీ ఏ ఫ్లాట్ల మీద? డీఏజీపీఏ తర్వాత యజమానులూ బిల్డరూ ఎవరి వాటాకు ఏ నంబర్లో పంచుకుంటూ సప్లిమెంటరీ అగ్రిమెంటు రాసుకుంటారు. నీ ఫ్లాటు నంబరు బిల్డరు వాటాలో ఉండాలి. యజమానుల వాటాలో ఉంటే వాళ్లే వచ్చి సంతకం పెట్టాలి.

నలుగురు యజమానులూ అన్నదమ్ములే, అక్కచెల్లెళ్ల పేరు ఎక్కడా లేదు. భూమి వాళ్ల స్వార్జితమైతే పేచీ లేదు. పిత్రార్జితమైతే హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతురికీ పుట్టుకతోనే వాటా వచ్చింది. సవరణ అమల్లోకి వచ్చిన ఆ ఏడాది సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘పెళ్లికి పసుపుకుంకుమల కింద ఇవ్వాల్సింది ఇచ్చేశాం’ అంటారు చూడు, ఆ మాటతో వాటా పోదు. ఆడపడుచులు తమ వాటా వదులుకుంటూ రిజిస్టరు చేసిన విడుదల దస్తావేజు అడుగు. అది లేదంటే పాత భాగపంపకాల దస్తావేజైనా చూపించాలి.

రెండో కాగితం బోర్డు రిజల్యూషన్, అంటే కంపెనీ డైరెక్టర్ల బోర్డు చేసిన తీర్మానం. డైరెక్టరు కంపెనీకి ఓనరు కాదు, కంపెనీ పని నడిపే మనిషి. షేర్లన్నీ అతని ఇంటివాళ్లవే అయినా కంపెనీ ఆస్తి వాళ్లది కాదు. చట్టం దృష్టిలో కంపెనీ వేరే వ్యక్తి, ఆస్తి ఆ వ్యక్తిది. బచా గుజ్దార్ కేసులో 1955లోనే ఈ సంగతి స్థిరపడింది. షేరు ఉన్నవాడికి లాభంలో వాటా వస్తుంది గానీ కంపెనీ స్థలంలో గజం కూడా రాదు. అందుకే ‘నేనున్నానుగా సార్’ అన్న మాట కంపెనీ మాట కాదు. రిజల్యూషన్ ధ్రువీకరించిన నకలు తీసుకుని ఏ పనికి అధికారమిచ్చారో చదువు. బ్యాంకు లోను కాగితాల మీద సంతకానికి ఇచ్చిన తీర్మానాన్నే అమ్మకాలకూ చూపించేస్తుంటారు. ఫ్లాట్ల అగ్రిమెంట్లు, సేల్ డీడ్‌లు రాసివ్వడానికీ సబ్ రిజిస్ట్రారు ముందు హాజరవడానికీ అని స్పష్టంగా ఉండాలి. అతను ఇంకా డైరెక్టరుగానే ఉన్నాడా, కంపెనీ యాక్టివ్‌గా ఉందా అన్నది కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్లో రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

బ్రోషరులో ఆథరైజ్డ్ క్యాపిటల్ ఐదు కోట్లని గొప్పగా వేశారు. అది షేర్లు జారీ చేసుకోగల గరిష్ఠ పరిమితి మాత్రమే, పెట్టెలో ఉన్న డబ్బు కాదు. చూడాల్సింది పెయిడప్ క్యాపిటల్, అంటే షేర్ల కోసం నిజంగా కట్టిన డబ్బు, అది లక్ష రూపాయలే ఉండొచ్చు. పేరు చివర లిమిటెడ్ అన్నదీ అందుకే గుర్తుపెట్టుకో. కంపెనీ మునిగితే షేర్‌హోల్డరు బాధ్యత తన షేర్ల మీద కట్టాల్సిన బాకీతో సరి.

ఇప్పుడు ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్. రిజిస్టరైన లావాదేవీలు ఉంటే ఫారం 15, ఏవీ లేకపోతే ఫారం 16 ఇస్తారు. నీకు పంపింది నిల్ ఈసీ, ఏవీ లేవన్న ఫారం 16. దానికి సంబరపడకు. డీఏజీపీఏ రిజిస్టరైన స్థలానికి నిల్ ఎలా వస్తుంది? వెతికిన సర్వే నంబరు చూడు, దాని కింద ఉండే బై నంబరు (సబ్ డివిజన్ నంబరు) వదిలేశారు. పూర్తి సర్వే నంబరుతో ఒకసారి, డీఏజీపీఏ డాక్యుమెంటు నంబరుతో ఒకసారి మళ్లీ తీయించు. సరిగ్గా తీస్తే అందులో మున్సిపాలిటీకి పెట్టిన తనఖా కూడా కనపడాలి. అనుమతి ఇచ్చేటప్పుడు కట్టుబడిలో సాధారణంగా పదిశాతం తనఖా పెట్టించుకుని, కట్టడం పూర్తయి నివాసానికి అనుమతిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తర్వాతే వదులుతారు. నీ ఫ్లాటు ఆ పదిశాతంలో ఉంటే వేరే ఫ్లాటు చూసుకో.

ఈసీలో కనపడని బాకీ ఒకటుంది, ఛార్జి. కంపెనీ తన ఆస్తినో, ఫ్లాట్ల మీద రాబోయే డబ్బునో బ్యాంకుకు హామీ పెడితే 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయాలి. రాబోయే డబ్బు మీద ఛార్జి ఆ రిజిస్టరులోనే ఉంటుంది, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఎంత వెతికినా దొరకదు. పోర్టల్లో ఇండెక్స్ ఆఫ్ ఛార్జెస్ తెరిచి, ఇంకా తీరని ఛార్జి ఉంటే ఆ బ్యాంకు నుంచి నీ ఫ్లాటు నంబరు వేసిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెప్పించమను.

యూడీఎస్, అంటే స్థలంలో నీ అవిభాజ్య వాటా, 50 గజాలని రాశారు. స్థలం మొత్తం ఎకరం, అంటే 4,840 గజాలు. రోడ్డు వెడల్పుకు 340 వదిలామని వాళ్లే రాశారు, మిగిలింది 4,500. ఫ్లాట్లు సమానంగా 100 అన్నారు, అంటే తలా 45. ఆ ఐదు గజాలు ఎక్కడివో అడుగు.

బుకింగ్‌కే 20 శాతం కట్టమన్నారు. స్థిరాస్తి కొనేవాళ్ల కోసం ఉన్న రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా పదిశాతం మించి తీసుకోకూడదు. శనివారం పదిశాతం లోపే చెక్కు పట్టుకెళ్లు. కంపెనీ పేరుతో పాటు ఎన్‌ఓసీలో బ్యాంకు చెప్పిన ఖాతా నంబరు కూడా దాని మీద రాయి. డైరెక్టరు ఫోన్ నంబరుకు పంపమంటే మాత్రం పంపకు.

అమ్మ