మా ఉదయగిరి మిషన్ గురించి, గేమ్స్ పిచ్చి అనే మాట గురించి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

ఈమధ్య మీ జిల్లా ఎడిషన్‌లో పాఠకుల ఉత్తరాలు వరసగా మూడు నాలుగు చదివా, అన్నిట్లో ఒకటే మాట, పిల్లకాయలు గేమ్స్ పిచ్చిలో పడి చెడిపోతా ఉండారు అని. రాసినోళ్ళ బాధ నిజమే, నేను కాదనను, బెట్టింగ్ యాపుల్లో జీతం మొత్తం పోగొట్టుకుని ఇంట్లో చెప్పుకోలేక నలిగిపోయినోళ్ళు నాకు తెలిసినోళ్ళలోనే ఉండారు. కానీ ఆ బెట్టింగునీ, ఒక పిల్లోడు రాత్రిళ్ళు కూర్చుని తనకిష్టమైన గేముకి సొంతంగా ఒక మిషన్, అంటే గేము లోపల ఆడుకునే ఒక కొత్త కథ, తయారు చేసి పైసా తీసుకోకుండా అందరికీ ఇచ్చేదాన్నీ ఒకే గాటన కట్టేస్తుంటే మాత్రం ఊరుకోలేక రాస్తున్నా. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్నే నిషేధించింది, మిగతావి వేరే అని అందులోనే రాసుంది. ఆ తేడా మన ఇళ్ళల్లో కూడా తెలియాలని నా కోరిక.

నాకు ముప్పై ఆరేళ్ళు, నెల్లూరులో రొయ్యల మేత అమ్మే డీలర్ దగ్గర అకౌంట్స్ చూస్తా. ఇద్దరు పిల్లలు. రాత్రి వాళ్ళు పడుకున్నాక పది నుంచి పన్నెండు దాకా నా టైము, ఆ టైములో నేను మిషన్లు కడతా. సినిమాకి పోయేవాళ్ళు సినిమాకి పోతారు, నాది ఇది.

మిషన్ అంటే తెలియని పెద్దవాళ్ళ కోసం చెప్తా. గేము కంపెనీ వాళ్ళు గేముతో పాటు కొన్ని కథలు ఇస్తారు, అవి అయిపోతే అయిపోయినట్టే. కానీ కొన్ని గేముల్లో ఎడిటర్ అని ఒకటి కూడా ఇస్తారు, కొండలు, చెట్లు, కోటలు, మనుషులు అన్నీ ఉంటాయి, నువ్వే పేర్చుకోవచ్చు, ఎవరు ఎప్పుడు రావాలి, ఏం జరిగితే ఏం కావాలి అన్నీ నువ్వే రాసుకోవచ్చు. దాన్ని ట్రిగ్గర్ అంటారు, ఇది జరిగితే అది జరగాలి అని రాసే ఒక చిన్న షరతు, అంతే. నా మిషన్లో అట్టాంటివి నూట నలభై దాకా ఉన్నాయి, ఒక్కటి తప్పు పడితే ఆట మధ్యలో ఆగిపోతుంది, ఎక్కడ తప్పు పోయిందో పట్టుకోవడానికి ఒకోసారి వారం పడుతుంది, మా షాపులో బ్యాలెన్స్ కుదరనప్పుడు వెతికినట్టే వెతకాలి.

నేను చేసింది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే గేములో. 1999లో వచ్చిన గేము అది, ఇంజినీరింగ్ హాస్టల్లో రూముల మధ్య కేబుళ్ళు లాక్కుని ఆడినోళ్ళకి బాగా తెలుసు. 2022లో దానికి మన దేశం మీద ఒక కొత్త భాగం వచ్చింది, అందులో ద్రవిడులు అని ఒక జాతిని పెట్టి రాజేంద్ర చోళుడి కథ ఇచ్చారు. ఆడాను, బాగుంది. కానీ అది అయిపోయిన రోజు రాత్రి నాకు అనిపించింది ఏందంటే, తంజావూరు వచ్చింది, మరి మన ఉదయగిరి ఏమైంది? శ్రీకృష్ణదేవరాయలు అప్పట్లో ఈ కోటని ఏలుతున్న ఒడిశా గజపతుల మీద యుద్ధం మొదలుపెట్టింది మన జిల్లాలోనే కదా. ఎవరో చేస్తారని చూస్తే ఎవరూ చేసేది లేదు. అట్టా మొదలైంది.

ఉదయగిరి మా మేనమామ వాళ్ళ ఊరు, చిన్నప్పుడు ఎండాకాలం సెలవలకి ఆత్మకూరు మీదుగా బస్సులో పోయేవాళ్ళం, కొండ మీద కోట రోజూ కనపడేది కానీ దాని కథేందో మాకు ఎవరూ చెప్పలా. మిషన్ చేద్దామని కూర్చున్నాకే చదివా. 1513లో రాయలు ముట్టడి వేశాడు, 1514లో గానీ కోట చేతికి రాలేదు. న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి విజయనగరం వచ్చి రాసిపెట్టాడు, ఏడాదిన్నర పట్టిందని, సైన్యం కోట బురుజుల దాకా పోవడానికి కొండలు తొలిచి పెద్ద పెద్ద బండలు పగలగొట్టి దారి చేసుకోవాల్సి వచ్చిందని. ఆ ముక్క చదివినప్పుడు నాకు మిషన్ మొత్తం కళ్ళ ముందు కనపడింది అండి. మామూలుగా ఈ గేములో ఏం చేస్తారు, ఏనుగుల్నీ గోడలు పడగొట్టే యంత్రాల్నీ తీసుకుని నేరుగా గోడ మీద పడతారు. నా మిషన్లో అట్టా పడితే ఓడిపోతారు. కోటకి పోయే కనుమ నిండా రాయి గనులు పెట్టా, గేములో పనివాళ్ళు రాయి తవ్వుకునే గుట్టలు అవి, వాటిని సైన్యం దాటలేదు, పనివాళ్ళే ఒక్కో గుట్టా తవ్వుకుంటా పోవాలి, ఈలోపల పైనుంచి బాణాలు. తవ్వి తవ్వి చివరి గుట్ట కరిగిపోయి దారి తెరుచుకున్నప్పుడు ఆడేవాడికి ఆ ఏడాదిన్నర ఎంతో కొంత అర్థం కావాలి, అదీ నా ఆలోచన.

తప్పులు కూడా చేశా. మొదటి వెర్షన్లో కొండ మీద మసీదు పెట్టేశా, ఎందుకంటే నేను చిన్నప్పుడు చూసిన కొండ మీద మసీదు ఉంది కాబట్టి. తర్వాత తెలిసింది ఆ మసీదు గోల్కొండ నవాబుల కాలంలోది, రాయలు వచ్చేటప్పటికి లేదు అని. తీసేశా. గుర్రాల సంగతి ఇంకో తలనొప్పి, గేములో ద్రవిడులకి బరువైన గుర్రపు దళం ఇవ్వలేదు, విజయనగరం వాళ్ళేమో గుర్రాలు లేకుండా యుద్ధానికి పోయేవాళ్ళు కాదు, సముద్రం మీద నుంచి కొని తెప్పించుకునేవాళ్ళు, అందుకని నేను ట్రిగ్గర్ పెట్టి మధ్యలో గుర్రాల వ్యాపారి వచ్చేటట్టు చేశా, బంగారం ఇస్తే గుర్రపు రౌతులు వస్తారు. ఆఖర్లో కోట గెలిచాక మిషన్ అయిపోదు, ఒక బండిని పడమటి దిక్కుకి క్షేమంగా పంపించాలి. ఆ బండిలో ఉండేది బాలకృష్ణుడి విగ్రహం. రాయలు ఉదయగిరి నుంచి తీసుకుపోయి హంపిలో గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేయించిన విగ్రహం అది. స్కూల్లో సోషల్ పుస్తకం చదివి మార్కులు తెచ్చుకున్నా గానీ ఈ సంగతులు ఇంత గట్టిగా నాకు ఎప్పుడూ పట్టలేదు, చేత్తో కట్టాల్సి వచ్చింది కాబట్టి పట్టినాయి.

పోయిన సంవత్సరం చలికాలంలో అందరికీ ఇచ్చేశా. మొదటి పది రోజులు ఎవ్వరూ ఒక్క మాట అనలేదు, నిజం చెప్తున్నా ఆ పది రోజులు నాకు అన్నం సయించలేదు. తర్వాత బ్రెజిల్ నుంచి ఒకాయన వచ్చీరాని ఇంగ్లీషులో రాశాడు, నాలుగుసార్లు గోడ మీద పడి ఓడిపోయానని, ఐదోసారి మీరు రాసిన సూచన చదివి రాళ్ళు తవ్వితే గంట పట్టిందని, చివర్లో అడిగాడు, ఈ ఉదయగిరి నిజంగా ఉందా, కల్పించారా అని. నేను ఆదివారం బస్సెక్కి ఉదయగిరి పోయి కొండ ఫోటో తీసి పంపించా. నెల్లూరు పేరు కూడా విని ఉండని మనిషి, రాయలు ఎట్టా తవ్వాడో తన చేత్తో తవ్వి చూశాడు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఎంత జీతం పెంచినా రాదు.

మా ఇంట్లో వాళ్ళు అడిగే మాట, డబ్బులు రానిదానికి ఎందుకంత కష్టం అని. దానికి నా దగ్గర ఉండే జవాబు మా నాయనే. మా నాయన మందుల షాపులో పనిచేసేవాడు, కానీ చుట్టుపక్కల ఏ ఊళ్ళో తిరణాల జరిగినా పద్యనాటకంలో కృష్ణుడి వేషం ఆయనదే. డ్రెస్సు అద్దె ఆయనే పెట్టుకునేవాడు, హార్మోనియం ఆయనకి ఇచ్చేదాంట్లో వాటా కూడా జేబులోనుంచే, తెల్లవార్లూ పాడి పొద్దున్నే షాపు తెరిచేవాడు. ఎవరూ ఆయన్ని పిచ్చోడు అనలేదు, కళాకారుడు అన్నారు. జనానికి ఆ పద్యాలు అన్నీ నోటికి వచ్చు, కథ కూడా తెలిసిందే, మరి తెల్లవార్లూ ఎందుకు కూర్చుంటారంటే ఈ మనిషి ఆ పద్యాన్ని ఏ రాగంలో ఎత్తుకుంటాడు, ఎక్కడ ఆపుతాడు, ఎక్కడ లాగుతాడు అని వినడానికి. వన్స్ మోర్ అనే ఆ ఒక్క కేక కోసం మా నాయన పది కిలోమీటర్లు సైకిల్ తొక్కేవాడు. మిషన్ చేసేవాళ్ళది కూడా సరిగ్గా ఇదే. గేము అందరికీ తెలిసిందే, అందులోని కోటలూ మనుషులూ అందరూ చూసినవే, ఆ తెలిసిన వాటితోనే నువ్వు ఏం ఎత్తుకున్నావు అనేదే చూస్తారు. ఇంకొకరు వినకపోతే పద్యం పాడినట్టు కాదు, ఇంకొకరు ఆడకపోతే మిషన్ చేసినట్టు కాదు, అందుకే ఊరికే ఇచ్చేస్తారు, డబ్బు అడ్డం పెడితే ఆడేవాళ్ళు తగ్గిపోతారు కదా.

ఇది ఇవాళ పుట్టిన సంగతి కూడా కాదు. 1993లో డూమ్ అనే గేము వచ్చినప్పుడు లెవెల్స్, అంటే ఆటలోని ఒక్కో దశ, ఉండే ఫైల్ వేరేగా పెట్టారు, దాంతో ఆడేవాళ్ళే సొంత లెవెల్స్ చేసుకున్నారు, ముప్పై ఏళ్ళు దాటినా ఇంకా చేస్తూనే ఉండారు. మేము 2004 ప్రాంతంలో ట్రంక్ రోడ్డు పక్క సందులో నెట్ సెంటర్లో గంటకి ఇంత అని కట్టి ఆడిన కౌంటర్ స్ట్రైక్ కూడా మొదట్లో ఇద్దరు కుర్రాళ్ళు హాఫ్ లైఫ్ అనే గేము మీద కట్టి ఊరికే ఇచ్చిందే, అది మాకు అప్పుడు తెలీదు. థీఫ్ అని 1998లో ఒక గేము, దాన్ని చేసిన స్టూడియో 2000లోనే మూతపడింది, అయినా 2023లో అభిమానులు పది మిషన్ల కొత్త కథ ఒకటి విడుదల చేశారు, ఇరవై ఐదేళ్ళ పుట్టినరోజుకి. స్టూడియో లేదు, జీతం ఇచ్చేవాళ్ళు లేరు, గేము మీద ప్రేమ ఉంది అంతే. నేను పైన చెప్పిన ద్రవిడుల భాగం ఉంది చూడండి, దాన్ని చేసిన ఫర్గాటెన్ ఎంపైర్స్ వాళ్ళు కూడా ఒకప్పుడు నాలాగా ఊరికే చేసి ఇచ్చిన అభిమానులే, వాళ్ళ పని నచ్చి 2013లో కంపెనీనే దాన్ని అధికారికంగా విడుదల చేసింది.

అన్నీ మంచిగా ఉన్నాయని నేను అనను. 2020లో వార్‌క్రాఫ్ట్ 3 అనే పాత గేముని కొత్తగా విడుదల చేసినప్పుడు, ఆడేవాళ్ళు చేసే మ్యాపులన్నీ మావే అని కంపెనీ షరతుల్లో రాసుకుంది. డోటా అనే అంత పెద్ద ఆట పుట్టింది ఆ పాత గేములో ఎవరో చేసిన మ్యాపులోనుంచే. అది నాకు చాలా బాధ అనిపించింది, ఎడిటర్ మీరిచ్చారు సరే, రాత్రిళ్ళు మావి కదా. స్కైరిమ్ అనే ఇంకో గేముకి 2015లో ఆడేవాళ్ళు చేసిన ఇట్టాంటివి డబ్బులకి అమ్మే పద్ధతి పెట్టి, గొడవ అయ్యి వారం లోపలే తీసేశారు కూడా. డబ్బు తీసుకోవడం తప్పని నేను అనడంలేదు, ఎవరి కష్టం వాళ్ళది, కానీ ఒకరు ఊరికే ఇచ్చినదాని మీద ఇంకొకరు కట్టుకుంటా వచ్చిన పని ఇది, ఎవరి వాటా ఎంత అని ఎట్టా తేలుస్తారు?

ఇంక నేను అడగదల్చుకున్నది. మీ పేపర్లో ఆదివారం పిల్లల పేజీలో బొమ్మలు వేస్తారు, కథలు వేస్తారు, పిల్లకాయలు చేసిన గేము లెవెల్ గురించి కూడా నెలకి ఒక్కసారి ఒక చిన్న బాక్స్ వేయండి, అందులో వాళ్ళ ఊరి చెరువో కోటో గుడో ఉంటే ఇంకా మంచిది. కంభం చెరువు ఉంది, పులికాట్ ఉంది, కావాల్సినన్ని ఉన్నాయి మనకి. హైస్కూల్ సైన్స్ ఫేర్లలో అగ్నిపర్వతం మోడల్ పక్కన ఇట్టాంటిది ఒక టేబుల్ మీద పెట్టనివ్వండి అని టీచర్లని కూడా అడుగుతున్నా. పిల్లోడు కంప్యూటర్ ముందు కూర్చుంటే తిట్టే ముందు ఒకసారి వెనక నిలబడి చూడమని తల్లిదండ్రుల్ని వేడుకుంటున్నా, ఆడుతున్నాడా, కడుతున్నాడా? కడుతుంటే ఏం కడుతున్నావు నాయనా అని అడగండి, గంటసేపు చెప్తాడు.

ఇంకొక్క సంగతి, దీనికోసమైనా నా ఉత్తరం వేయండి. ఉదయగిరి కొండ ఎక్కడానికి పాతకాలంలో దారి ఏ పక్కనుంచి ఉండేదో నాకు సరిగ్గా తెలియడంలేదు, నేను మిషన్లో తూర్పు పక్క పెట్టా, అది ఊహ మాత్రమే. ఉదయగిరి పెద్దవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, మీ తాతలు చెప్పింది ఏమైనా గుర్తుంటే ఈ పేపరుకే రాసి పంపండి. నేను తర్వాతి వెర్షన్లో దారి మారుస్తా, రాళ్ళు మళ్ళీ పేరుస్తా.

ఇట్లు
మీ పాఠకుడు,
స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు