యాప్‌లోంచి తీసేసిన పాత కార్డులు తిరిగి ఆడుకోనివ్వండి

గేమ్ డిజైన్ విభాగానికి, కస్టమర్ సపోర్ట్ విభాగానికి

విషయం: కొత్త ఎడిషన్ అప్‌డేట్ తర్వాత డబ్బు పెట్టి కొన్న కార్డులు కనిపించకుండా పోవడంపై ఫిర్యాదు

అయ్యా / అమ్మా,

మీ డెక్ బిల్డింగ్ గేమ్‌ని (ఆడుతూ ఆడుతూ కార్డులు కొని సొంత డెక్ కట్టుకునే ఆట) మొదట పెట్టెగా కొన్నాను, తర్వాత యాప్‌లోనూ కొన్నాను. యాప్‌లో మొదటి ఎక్స్‌పాన్షన్‌కి, అంటే అదనపు కార్డుల ప్యాక్‌కి, విడిగా డబ్బు కట్టాను. కొత్త ఎడిషన్ అప్‌డేట్ వచ్చాక బేస్ సెట్‌లోంచి అయిదు కార్డులు, ఆ ఎక్స్‌పాన్షన్‌లోంచి ఆరు కార్డులు పోయాయి. కార్డుల జాబితాలో వెతికితే దొరకవు. సొంతంగా టేబుల్ పెట్టుకుని పది పైల్స్ (అందరూ కొనుక్కోవడానికి మధ్యలో పరిచే కార్డు దొంతర్లు) మనమే ఎంచుకుందామన్నా కనిపించవు. కంప్యూటర్‌తో ఒంటరిగా ఆడుకుందామన్నా లేవు. నేను కొన్ననాడు ఎక్స్‌పాన్షన్ పేజీలో పేరుపేరునా చూపించిన కార్డులు ఇవి.

ఈ సంగతి సపోర్ట్‌కి రాస్తే రెండు ముక్కల్లో జవాబు వచ్చింది. పాత కార్డులు రిటైర్ అయ్యాయట. కొత్తవి ఉచితంగా ఇచ్చారు కాబట్టి నాకు నష్టమేమీ లేదట. నా దగ్గరున్నవి ఎందుకు తీసుకున్నారని నేనడిగితే, ఇంకేవో ఇచ్చాం కదా అంటే ఎలా? అడిగినదానికి జవాబు రాలేదు కాబట్టి ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. కార్డుల్ని రిటైర్ చేయడం తప్పని నేను అనడం లేదు. మీరు తెచ్చిన కొత్త కార్డుల్లో చాలా వరకు బాగున్నాయి, రెండు మూడైతే పాతవాటికంటే ఎంతో మేలు. ఈరోజే ఆట మొదలుపెట్టినవాళ్ల ముందు మీ దృష్టిలో మంచి కార్డులే పెట్టాలనుకోవడం న్యాయమే. ఆటలో ఉండేవే పది పైల్స్. వాటిలో ఒకటి ఎవరూ ముట్టని కార్డయితే, నిజానికి తొమ్మిది పైల్స్‌తో ఆడినట్టే. ఆ లెక్క నాకూ తెలుసు. నా గొడవంతా ఒక్కటే: ముందువరసలోంచి తీయడం వేరు, అసలు లేకుండా చేయడం వేరు. మీరు మొదటిది చేస్తున్నామని చెప్పి రెండోది చేశారు.

ఈ తరహా ఆటలకు దారి వేసిన డొమినియన్ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. 2008లో వచ్చిన ఆ ఆటకి 2016లో రెండో ఎడిషన్ తెచ్చినప్పుడు బేస్ సెట్‌లోంచి ఆరు కార్డులు తీసి ఏడు కొత్తవి పెట్టారు. తీసినవాటిలో థీఫ్ ఒకటి. ఎదుటివాళ్ల ట్రెజర్ కార్డులు, అంటే డబ్బు కార్డులు, కొట్టేయడం దాని పని. కానీ ఆట మొదట్లో దానికి చిక్కేవి ఎక్కువగా అతి తక్కువ విలువున్న కాపర్లే. కాపర్లు పోతే ఎదుటివాళ్ల డెక్ పలచబడి ఇంకా బాగా తిరుగుతుంది. దొంగ వచ్చి ఇల్లు ఊడ్చి పెట్టిపోయినట్టన్నమాట. అలాంటి కార్డుని తీసేశారంటే ఎవరైనా ఒప్పుకుంటారు. అయితే అక్కడ ఇంకో పని కూడా చేశారు. కొత్త కార్డులను మాత్రమే ఒక చిన్న ప్యాక్‌గా విడిగా అమ్మారు. పాత పెట్టె ఉన్నవాళ్లు మళ్లీ పెట్టె మొత్తం కొనక్కర్లేదు, పాత కార్డులు వాళ్ల పెట్టెల్లోనే ఉన్నాయి. ఇష్టమైతే థీఫ్‌తో ఈరోజూ ఆడుకోవచ్చు.

మీ పెట్టె సంగతీ అంతే. అందులోని ఆ అయిదు బేస్ సెట్ కార్డులూ నా అలమారలో భద్రంగా ఉన్నాయి. యాప్‌లోవి మాత్రం మీ చేతిలో ఉన్నాయి కాబట్టి తీసేయగలిగారు. ఇప్పుడు నా పెట్టెకీ నా యాప్‌కీ పొంతన లేదు. దూరంగా ఉన్న స్నేహితులతో యాప్‌లో ఆడిన సెట్‌నే, కలిసినప్పుడు టేబుల్ మీద పరుచుకుని ఆడడం మాకు అలవాటు. ఇకపై అది కుదరదు.

బ్యాలెన్స్ కోసం తీశామని మీ ప్రకటనలో రాశారు. ఈ మాట ఇంకో రకం ఆటకి సరిపోతుంది. మ్యాజిక్ ద గ్యాదరింగ్, హార్త్‌స్టోన్ లాంటివాటిలో ఎవరి డెక్ వాళ్లు ముందే కట్టుకుని వస్తారు. నా దగ్గర లేని పాత బలమైన కార్డు ఎదుటివాళ్ల దగ్గర ఉంటే నేను ఓడిపోతాను. అక్కడ పాత కార్డుల్ని పక్కన పెట్టడానికి అర్థముంది. మీ ఆటలో మధ్యలో పరిచిన పది పైల్స్ అందరివీ. నాకు దొరికేదే ఎదుటివాళ్లకీ దొరుకుతుంది. కార్డు మరీ బలమైనదైతే ఇద్దరమూ కొంటాం, పనికిరానిదైతే ఇద్దరమూ వదిలేస్తాం. ఎవరికి అన్యాయం జరిగిందని బ్యాలెన్స్ పేరు ఎత్తుతున్నారు? పైగా ఏ పైల్‌ని ముట్టుకోకూడదో పసిగట్టడమే ఈ ఆటలో సగం నైపుణ్యం. అన్నీ బంగారాలే పెడితే ఆ సగం పోతుంది.

ఇంతకీ అవసరం ఎక్కువున్న ఆ ఆటల్లో కూడా పాత కార్డులకి చోటు ఉంచారు. హార్త్‌స్టోన్‌లో 2016లో కొత్త సెట్ల కార్డులతో ఆడే స్టాండర్డ్, పాతవీ ఆడనిచ్చే వైల్డ్ అని రెండు ఫార్మాట్లు పెట్టారు. స్టాండర్డ్ నుంచి వెళ్లిపోయిన కార్డుల్ని వైల్డ్‌లో ఆడుకోవచ్చు. 2017లో కొన్ని కార్డుల్ని స్టాండర్డ్ నుంచి శాశ్వతంగా తప్పించినప్పుడు, ఆ కార్డులు ఉన్నవాళ్లకి వాటి పూర్తి విలువ డస్ట్ (ఆటలో కార్డులు తయారు చేసుకోవడానికి వాడేది) రూపంలో ఇచ్చారు, కార్డులు కూడా వాళ్లకే ఉంచారు. మ్యాజిక్‌లో అయితే 1993 నాటి బ్లాక్ లోటస్ అంత విపరీతమైన కార్డుని కూడా వింటేజ్ ఫార్మాట్‌లో డెక్‌కి ఒకటి చొప్పున ఆడనిస్తారు. అంతటి కార్డుకే చోటు దొరికినప్పుడు, మీ మూడు నాణేల బాటసారి కార్డుకి దొరకదా?

బాటసారి సంగతి వచ్చింది కాబట్టి చెప్తాను. తీసేసిన పదకొండులో అందరూ ఎక్కువగా నవ్వుకునే కార్డు అదే. నాణేలివ్వదు, కొత్త కార్డు చేతికివ్వదు. ఒక యాక్షన్ (ఇంకో కార్డు ఆడే అవకాశం) ఇచ్చి, డెక్ పైనున్న మూడు కార్డులు చూసి, ఒకటి డిస్కార్డ్ చేసి, మిగతా రెండూ మనకి నచ్చిన వరసలో తిరిగి పెట్టమంటుంది. విడిగా చూస్తే చేతిలో ఒక చోటు దండగ. అదే టేబుల్ మీద జోస్యుడు అనే కార్డు ఉంటే చూడండి. జోస్యుడు ఒక కార్డు పేరు చెప్పమంటాడు, డెక్ పైన అదే ఉంటే చేతికిస్తాడు. బాటసారి ఆడాక పైన ఏముందో మనకి ముందే తెలుసు. ఒక జోస్యుడితో బంగారం తీసుకుంటాం, వెంటనే ఇంకో జోస్యుడితో రెండోదీ తీసుకుంటాం. దానికి తోడు పాయింట్ల కార్డు పైకి వస్తే దాన్ని డిస్కార్డ్‌లోకి తోసేసి ఉంటాం. ఎదుటివాళ్లు బాటసారిని చూసి నవ్వుకుంటూ వెండి కొనుక్కుంటుంటే, మనం అయిదో టర్నుకే ఇద్దరు జోస్యుల్ని కొనిపెట్టుకుని కూర్చుంటాం. ప్రతిసారీ పనిచేస్తుందని అనను. బాటసారి, ఇద్దరు జోస్యులు, ఈ మూడు కార్డులూ ఒకే టర్నులో చేతికి రావాలి, రాకపోతే నవ్వినవాళ్లదే గెలుపు. అయినా అలాంటి ఆట ఒకటి కుదిరితే వారం రోజులు చెప్పుకుంటాం. మీ కొత్త కార్డుల్లో జోస్యుడికి ఇలా జత కుదిరేది ఒక్కటీ లేదు.

వేగుల కార్డు విషయం ఇంకా విడ్డూరం. అది ప్రతి ఆటగాడి డెక్ పైకార్డు తెరిపించి, ఉంచాలా తీసేయాలా అని అడుగుతుంది. నలుగురు ఆడుతుంటే ఒక్క కార్డుకి నాలుగు నిర్ణయాలు. అలాంటివి రెండు మూడు వరసగా పడితే టేబుల్ మీద ఆట సాగదు, అందరూ ఫోన్లు తీస్తారు. అందుకే తీశామన్నారు. టేబుల్ వరకు ఈ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. యాప్‌లో మాత్రం కార్డు తెరవడం, చూపించడం, షఫుల్ చేయడం అన్నీ దానంతట అవే జరిగిపోతాయి, మనం చేసేది ఒక బటన్ నొక్కడమే. పెట్టెలో ఉన్న ఇబ్బందికి యాప్‌లో శిక్ష ఎందుకు వేసినట్టు?

టెస్టింగ్ భారం గురించి కూడా మీవాళ్లు ఒకసారి ప్రస్తావించారు. ప్రతి కొత్త కార్డునీ పాత కార్డులన్నిటితో కలిపి సరిచూడాలి, అది తలకు మించిన పని అని. ఈ వాదనని నేను తేలిగ్గా తీసుకోను. సాఫ్ట్‌వేర్ పనిలో పాత కోడ్‌ని మోయడం ఎంత టెన్షనో నాకూ కొంత తెలుసు. కానీ 26 రకాల కార్డుల్లోంచి పది ఎంచుకుంటేనే 53 లక్షలకు పైగా సెట్లు వస్తాయి. ఒక ఎక్స్‌పాన్షన్ కలిపితే ఆ అంకె ఎక్కడికో పోతుంది. అవన్నీ మీరు ఎప్పుడూ ఆడి చూడలేదు, ఎవరూ చూడలేరు. ఏదైనా చోట తేడా వస్తే ఆటగాళ్లే పట్టుకుని మీకు రాస్తున్నారు, మీరు సరిచేస్తున్నారు. పాత కార్డుల విషయంలో ఆ హామీ కూడా మానేయండి. 'ఈ కార్డుల్లో లోపాలు వస్తే సరిచేయం' అని ఒక లైను రాసి పెట్టండి, నేను సంతకం పెడతాను.

కార్డులతో పాటు పోయినవి ఇంకొన్ని ఉన్నాయి, వాటి గురించి మీ ప్రకటనలో ఒక్క ముక్క లేదు. ఇష్టమైన సెట్లుగా దాచుకున్నవాటిలో ఒక్క పాత కార్డు ఉన్నా ఆ సెట్ తెరుచుకోవడం లేదు. ఏ కార్డు లేదో కూడా చెప్పకుండా 'ఈ సెట్ అందుబాటులో లేదు' అంటుంది. పాత ఆటల రీప్లేలదీ అదే పరిస్థితి. ఒక మంచి ఆటని కొత్తగా నేర్చుకుంటున్న స్నేహితుడికి చూపించాలని తెరిస్తే నల్లటి తెర వచ్చింది. ఆ ఆటలో పాత కార్డు ఎవరూ కొననే లేదు, ఊరికే పైల్స్‌లో ఒకటిగా పడి ఉందంతే. ఆడనివ్వకపోతే పోయె, ఆడేసినదాన్ని చూడనివ్వకపోవడానికి కారణమేమిటో నాకు ఎంత ఆలోచించినా తట్టలేదు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. సెట్టింగ్స్‌లో 'రిటైర్ అయిన కార్డులు' అని ఒక స్విచ్ పెట్టండి. మొదట అది ఆఫ్‌లోనే ఉండనివ్వండి, కొత్తవాళ్ల కంట అసలు పడనక్కర్లేదు. ర్యాంక్డ్ మ్యాచ్‌ల్లోకి, యాప్ దానంతటదే ఎంచే సెట్లలోకి ఆ కార్డుల్ని రానివ్వకండి, నాకు అభ్యంతరం లేదు. స్నేహితులతో పెట్టుకునే టేబుల్‌లో, కంప్యూటర్‌తో ఆడే ఆటలో మాత్రం, టేబుల్ పెట్టినవాళ్లు ఆన్ చేస్తే రావాలి. కంప్యూటర్‌కి వాటిని తెలివిగా ఆడడం నేర్పించకపోయినా పర్వాలేదు, కొనకుండా వదిలేసినా ఆట నడుస్తుంది. రీప్లేలు, దాచుకున్న సెట్లు మాత్రం స్విచ్‌తో పనిలేకుండా అందరికీ తెరుచుకోవాలి. అవి మా ఆటలు.

కొత్తగా కొనేవాళ్లకి కూడా పాత కార్డులు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇస్తే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే టేబుల్‌లో ఒకరి దగ్గర ఉంటే అందరూ ఆడుకునే ఏర్పాటు మీ ఎక్స్‌పాన్షన్లకి ఇప్పటికే ఉంది. దాన్నే వీటికీ వర్తింపజేస్తే సరిపోతుంది.

ఇది కుదరదంటే, ఎందుకు కుదరదో డిజైన్ విభాగం నుంచి ఎవరైనా నాలుగు మాటలు రాయండి, ఎక్స్‌పాన్షన్‌కి నేను కట్టిన డబ్బు తిరిగి ఇచ్చేయండి. కొత్త కార్డులు వెనక్కి తీసుకున్నా ఏమీ అనను. అలాగే రెండో ఎక్స్‌పాన్షన్‌కి కూడా కొత్త ఎడిషన్ వస్తుందని మీరే ప్రకటించారు. ఆ కార్డుల్లో ఏవి పోతాయో కనీసం ముందుగా చెప్పండి, అప్‌డేట్ నొక్కాక తెలుసుకునే పరిస్థితి పెట్టకండి.

గతసారి నా టికెట్‌ని జవాబు పంపిన రోజే 'పరిష్కారమైంది' అని మూసేశారు. దీన్ని మాత్రం విషయం తేలేదాకా తెరిచి ఉంచగలరు.

ఇట్లు,
మీ గేమ్ పాత కస్టమర్

జతచేసినవి: కొనుగోలు రసీదు, అప్పటి ఎక్స్‌పాన్షన్ పేజీ స్క్రీన్‌షాట్, తెరుచుకోని సెట్ల స్క్రీన్‌షాట్లు, గత టికెట్‌కి మీరు పంపిన జవాబు