గుట్టను కంకరగా లెక్కించే ముందు

సంపాదకుడు గారికి,

మా దేవరకొండ చుట్టుపక్కల ఆదివారం పొద్దున్నే నడవడం నాకు ముప్పై ఏళ్ల అలవాటు. బడిలో పనిచేసినన్నాళ్లూ పిల్లలు వెంట వచ్చేవారు. ఇప్పుడు వాళ్ల పిల్లలు వస్తున్నారు. కిందటి నెల మాకు బాగా తెలిసిన ఒక గుట్ట దగ్గరికి వెళితే అక్కడ గుట్ట లేదు. నీళ్లు నిండిన గొయ్యి ఉంది, దాని చుట్టూ అడ్డంగా ఒక తాడైనా లేదు.

ఆ గుట్ట మీద గుడి లేదు, శాసనం లేదు, కోటగోడ లేదు. కాబట్టి కాగితాల్లో అది ఇన్ని ఘనపు మీటర్ల కంకర, అంతే. క్వారీలన్నీ మూసేయమని నేను రాయడం లేదు. నా ఇంటి స్లాబులోనూ ఆ కంకరే ఉంది. కానీ దేన్ని కొట్టాలో, దేన్ని వదలాలో తేల్చేవారు ముందు ఒక్కసారి దాని చుట్టూ నడిచి చూస్తున్నారా?

నడిస్తే ఏం కనిపిస్తుందో చెబుతాను. ఊరు దాటగానే వచ్చేది పరుపుబండ, కందులు, ఆముదాలు ఆరబోసుకునే చోటు. తొలకరికి దాని గుంటల్లో నీళ్లు నిలిచి, కొద్దిరోజులకే కప్పపిల్లలు ఈదుతుంటాయి. దాని వెనక గుండు మీద గుండు. భీముడు పేర్చాడని మా తాత చెప్పేవాడు. భీముడి పని చేసింది నీరు. భూమి లోపల కిలోమీటర్ల లోతున గట్టిపడిన గ్రానైటు అది, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. పైనున్న బరువు అరిగి తొలగిపోయేకొద్దీ రాయి ఒళ్లు విరుచుకున్నట్లు అడ్డంగా, నిలువుగా పగులుతుంది. ఆ పగుళ్లలోకి దిగిన నీరు ముందు మూలలను తింటుంది, మూలకు రెండు మూడు వైపుల నుంచి తడి తగులుతుంది కనుక. పొడిబారినదంతా మొరం. ఆ మొరాన్ని వానలు కడుక్కుపోయాక మిగిలిన గట్టి ముద్దలే మనం చూసే గుండ్లు. దీన్ని నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పాల్సిన పనే లేదు. రోడ్డు కోసం తవ్విన మొరం గుంట గోడలో ఇంకా బయటపడని గుండ్లు ఉల్లిపొరలతో సహా కనిపిస్తాయి. మా పిల్లలు వాటిని ‘పుట్టబోయే గుండ్లు’ అంటారు.

ఇంకాస్త ముందుకు పోతే చెలకలకు అడ్డంగా ఒక నల్లరాతి వరుస, తాడు పట్టి గీసినట్లు తిన్నగా సాగుతుంది. గ్రానైటు చీలినప్పుడు కింది నుంచి ఎగదన్నిన కరిగిన రాయి ఆ చీలికలోనే గడ్డకట్టింది. డోలరైట్ అంటారు. ఇది నేలలో గోడలా నిలబడి కొన్నిచోట్ల ఊటను ఆపుతుంది. ‘నల్లరాయికి ఎగువన తవ్విన బావి ఎండదు సార్’ అని ఒక రైతు నాకు చెప్పాడు. ఆ మాటకు శాస్త్రకారణం నేను ఆ తరవాత వెతుక్కున్నాను.

రాతి సంగతి మా జిల్లాకు ఎముకల్లోకి దిగిన సంగతి. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిపోయిన నడుములకు కారణం ఈ గ్రానైటు ఖనిజాల నుంచి బావినీటిలోకి దిగిన ఫ్లోరైడే. పటిక, సున్నంతో ఆ నీటిని శుద్ధి చేసే పద్ధతికి నాగపూర్‌లోని ‘నీరి’ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు నల్లగొండ పేరే పెట్టారు. అలాంటి జిల్లాలో, ఇంటి వెనక బండ ఏ రాయో చెప్పలేకుండానే పిల్లలు పదో తరగతి దాటుతున్నారు.

ఇక్కడి నుంచి డిండి, అచ్చంపేట మీదుగా మన్ననూరు వెళ్లండి. గుండ్లు ఆగిపోతాయి. ఎదురుగా అమ్రాబాద్ పీఠభూమి అంచు, బల్లపరుపుగా, పొర మీద పొర. పైనున్నది ఒకనాటి ఇసుక బిగుసుకుని అయిన క్వార్ట్‌జైట్, కింద మన పాత గ్రానైటు. రెండింటి మధ్య కొన్ని పదుల కోట్ల ఏళ్ల చరిత్రకు ఆనవాలు లేదు, పుస్తకంలో పేజీలు చింపేసినట్లు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఇలాంటి అతుకునే భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. మన వైపు అతుకు మనకు తెలిసింది మాత్రం మా జిల్లాలోని లంబాపూర్, పెద్దగట్టు యురేనియం తవ్వకాల గొడవతోనే. ఆ ఖనిజం దొరికింది సరిగ్గా ఆ అతుకులోనే మరి. నల్లమలలో తవ్వకాలు వద్దని 2019 సెప్టెంబరులో శాసనసభ తీర్మానించింది, మంచిదే. పులుల అభయారణ్యంలో ఎక్కడ పడితే అక్కడ తిరగకూడదు, తిరగనక్కరలేదు కూడా. శ్రీశైలం బస్సులు ఆగే చోట రోడ్డు పక్కన ఈ అతుకు గురించి చెప్పే ఒక బోర్డు పెడితే చాలు.

నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. మనిషి నిలబెట్టిన రాయికి ఆ గౌరవం దక్కింది సరే, తనంతట తాను నిలబడిన రాయిని పట్టించుకునేది ఎవరు?

దీనికి కొత్త చట్టం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. 2016 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఇసుక, కంకర వంటి చిన్నతరహా ఖనిజాలకు ప్రతి జిల్లాకూ ఒక సర్వే నివేదిక ఉండాలి, ఐదేళ్లకోసారి దాన్ని సవరించాలి. ముసాయిదాను కలెక్టరేటులో, జిల్లా వెబ్‌సైటులో 21 రోజులు జనం ముందు ఉంచాలి. నేను చదివిన ఒక నివేదికలో భూస్వరూపం గురించి ఉన్న నాలుగు ముక్కలు ఏ జిల్లాకైనా అతికేవే. ఆ చోటనే, మండలాల వారీగా లీజుకు ఇవ్వకూడని గుట్టల జాబితా ఎందుకు చేర్చకూడదు?

మా పిల్లలు, నేను కలిసి పదకొండు గుట్టల పేర్లు, ఆనవాళ్లు ఒక నోటుబుక్కులో రాసి పెట్టాం. ఒకటి ఇప్పటికే కొట్టివేత పడింది. తదుపరి ముసాయిదా ఎప్పుడు పెడుతున్నదీ మీ జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్తగానైనా వేయగలరా? మిగిలిన పది పేర్లతో ఆ 21 రోజుల్లోనే కలెక్టరేటుకు వెళ్లాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా