చేతికి పట్టు లేకపోతే తెలివి లేనట్టేనా?

శిశు వికాస పరీక్షల విభాగం అధికారి గారికి,

నమస్కారం. మా పాపకు రెండేళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడులో లోపం వల్ల ఒంటి కదలికలు అదుపులో ఉండని స్థితి) ఉంది. మొన్న పరీక్షలో చెక్క దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చమన్నారు. వేళ్లు బిగుసుకుపోయి దిమ్మె జారిపోయింది. వెంటనే తెలివితేటల గడిలో సున్నా పడింది. కానీ ఆ దిమ్మె బల్ల కిందికి దొర్లితే పాప మెడ వంచి మరీ వెతికింది. కంటికి కనబడని వస్తువు ఎక్కడో ఉందని తెలియడం తెలివి కాదా అండీ? అది ఎవరూ రాసుకోలేదు.

చిన్నపిల్లల ఎదుగుదలను కొలిచే బేలీ లాంటి పరీక్షల్లో కూడా ఆలోచనను కొలిచే అంశాలు చాలావరకు చేతులతో చేసేవే. అందుకే అడుగుతున్నాను. ముందు నడుముకీ తలకీ ఆసరా ఇచ్చి కూర్చోబెట్టండి. ఒళ్లు నిలవక అవస్థ పడే బిడ్డ బొమ్మ మీద దృష్టి ఎలా పెడుతుంది? రెండు బొమ్మలు దూరదూరంగా పెట్టి, చూపునే జవాబుగా తీసుకోండి. ఇంకాస్త టైమ్ ఇవ్వండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు రెండేళ్ల వరకు, ఎన్ని వారాలు ముందే పుట్టారో అంత తీసేసి వయసు లెక్కించాలి, అదీ మరిచిపోతున్నారు.

శరీరం సహకరించక చేయలేనివాటిని రిపోర్టులో విడిగా చూపించండి. ఏ థెరపీ ఇవ్వాలో ఆ కాగితం చూసే నిర్ణయిస్తున్నారు. మా పాపకు మళ్లీ పరీక్ష చేయించండి.

ఇట్లు,
ఒక తల్లి