పన్నెండడుగుల పెరట్లో నీళ్ల చప్పుడు

సంపాదకులకు నమస్కారం.

ఇల్లు కట్టుకునేవాళ్ల కోసం మీరు వేసే పేజీలో పోయిన వారం పెరటి జలపాతాల గురించి చదివాను. ఫొటోల్లో ఉన్నవన్నీ పెద్ద పెద్ద తోటలు, రాళ్ల గుట్టలు, ఫౌంటెన్లు. 150 గజాల్లో ఇల్లు కట్టుకున్న మాలాంటివాళ్లు ఇది మనకు కాదులే అనుకుని పేజీ తిప్పేస్తారు. అలా తిప్పేయొద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను 31 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపాను. రిటైరయ్యాక కూడా చాలాకాలం చెవుల్లో ఇంజను మోత పోలేదు. ముందు గదిలో కూర్చుంటే రోడ్డు మీద హారన్లు, వెనక్కి వెళ్తే మూడంతస్తుల అపార్ట్‌మెంటు బాల్కనీలు. మా పెరడు పన్నెండడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు. లుంగీతో కాసేపు అక్కడ కూర్చుందామన్నా పైనుంచి ఎవరో చూస్తున్నట్టే ఉండేది.

చిన్నప్పుడు కోనసీమలో మా అమ్మ ఒక మండువా లోగిలిలో పనిచేసేది. వాన పడితే నాలుగు వాలుల నీళ్లూ మధ్యలో పెట్టిన ఇత్తడి గంగాళాల్లో పడేవి. అమ్మ పని అయ్యేదాకా నేను స్తంభానికి ఆనుకుని, ఆ చప్పుడు వింటూ నిద్రపోయేవాణ్ణి. నాకు కావాల్సింది ఆ చప్పుడే.

బావుల్లో దించే సిమెంటు వర, మూడడుగుల వెడల్పుది, ఒకటి తెప్పించి అడుగు మూయించాను. దాని పక్కన ఇటుకలు పేర్చి, అంచు విరిగి ఏళ్లుగా మూలపడి ఉన్న అమ్మ రుబ్బురోలు పెట్టాను. వరలోని చిన్న పంపు నీళ్లను రోట్లోకి ఎక్కిస్తుంది. గుంట నిండాక విరిగిన అంచు మీదుగా మళ్లీ వరలోకి జారతాయి. మొదట రోలు ఎత్తుగా పెట్టాను. కుళాయి కట్టలేదనుకుని మా ఆవిడ రెండుసార్లు లేచి వచ్చింది. నీళ్లు బయటికి చిందేవి కూడా. ఇటుకలు తీసి, నీళ్లు జానెడు ఎత్తు నుంచే పడేలా దించాక చప్పుడు మెత్తబడింది. పంపు 18 వాట్లది. రోజుకు మూడు గంటలు నడిపినా నెలకు రెండు యూనిట్లు కాలదు. నీళ్లలో కరెంటు కాబట్టి షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ అనే స్విచ్చి పెట్టించాను. మనవరాలు వచ్చినప్పుడల్లా వర మీద ఇనుప జాలీ వేసేస్తాం. అడుగున్నర నీళ్లయినా పసిపిల్లలకు ప్రమాదమే.

కొత్త సిమెంటు నుంచి సున్నం నీళ్లలోకి దిగుతుంది. ఆ సంగతి తెలియక వారానికే చేపలు వేశాను. తెల్లారేసరికి పదీ తేలి ఉన్నాయి. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. తర్వాత మూడు వారాలు నీళ్లు నింపడం, పారబోయడం చేశాకే మళ్లీ చేపలు, దోమల పిల్లపురుగుల్ని తినే గప్పీలు, వేశాను. కడియపులంక నర్సరీ నుంచి తెచ్చిన కలువ దుంపను బేసిన్‌లో చెరువు మట్టి పోసి నాటాను. కొబ్బరి పొట్టు కలిపిన మట్టి అయితే నీళ్లలో పైకి తేలిపోతుంది.

బాల్కనీల చూపు పడకుండా గోడ ఎత్తు పెంచుదామంటే గాలి ఆగిపోతుంది. పైపులతో పందిరి వేసి రాధామనోహరం పాకించాను. రెండేళ్లలో కప్పేసింది. సాయంత్రం తెల్లగా విచ్చిన పూలు మర్నాటికి గులాబీ రంగు, ఆపైన ఎరుపు. కలువకు ఎండ కావాలి కాబట్టి వర ఉన్న తూర్పు వైపు పందిరి వేయలేదు. అన్నీ కలిపి ఎనిమిది వేలు దాటలేదు. మా బంధువులొకరు లక్షన్నర పెట్టి కట్టించుకున్న జలపాతం రెండో ఏడాదే పగిలి, ఇప్పుడు ఎండుటాకులతో నిండిపోయింది.

ఇక దోమలు. చూసినవాళ్లంతా ముందు అడిగేది అదే. ఇళ్లలో నిలవ నీళ్లు పారబోయించే ఫ్రైడే డ్రై డే నాడు వచ్చిన ఆశా కార్యకర్త కూడా వర చూడగానే, "నీళ్లు పారబోయండి బాబాయ్ గారూ" అంది. టార్చి వేసి చూడమన్నాను. చేపలు తప్ప ఒక్క పిల్లపురుగు కనబడలేదు. కానీ ఆ అమ్మాయి అంతటితో ఆగకుండా పూలకుండీ కింద ప్లేటు, ఫ్రిజ్ వెనక ట్రే చూసింది. రెండింట్లోనూ ఉన్నాయి! డెంగీ దోమకు మూతెడు మంచినీళ్లు చాలు, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఆ రెండూ నేనే తుడుస్తున్నాను.

ఇల్లు కట్టేటప్పుడు పెరడంతా గచ్చు చేయించేస్తున్నారు. మా వీధిలోనే ఈ ఏడాది మూడు ఇళ్లు అలా అయ్యాయి. గోడ వారగా ఆరడుగుల మట్టి వదిలినా పందిరి వేళ్లూనుకుంటుంది, వర నిండి పొర్లిన నీళ్లు అరటిచెట్టుకు పోతాయి. దయచేసి మీ పేజీలో చిన్న పెరళ్లను కూడా చూపించండి. తాపీమేస్త్రీ, ఎలక్ట్రీషియన్ కలిసి రెండు రోజుల్లో చేయగలిగిన పనులు రాయండి.

మీ ఫొటోగ్రాఫర్ వస్తానంటే మా పెరడు చూపిస్తాను. పొద్దున తొమ్మిది దాటాక రమ్మనండి. మా కలువలు పగలు విచ్చే రకం, మధ్యాహ్నం మూడు దాటితే ముడుచుకుంటాయి.

- ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్, రాజమహేంద్రవరం