పఠన సంఘం వార్షిక నివేదిక: తల్లీబిడ్డల కోసం రాసిన పాత వైద్య పుస్తకాలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో ఈ ఏడాదికి ఒకే అంశం అనుకున్నాం: గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు పూర్వం రాసిన వైద్య సలహా పుస్తకాలు. పన్నెండు సమావేశాలు తలపెడితే తొమ్మిదే జరిగాయి. మూడు తప్పిపోవడానికి బద్ధకమే కారణం, అందులో పెద్ద వాటా నాదే. ఏ పుస్తకాన్నీ మొత్తం చదవలేదు, అనువాదాల్లో దొరికిన భాగాలే చదివాం.

అనుకోకుండా మా టైమంతా ముర్రుపాల దగ్గరే గడిచింది. 2వ శతాబ్దంలో రోమ్‌లో వైద్యం చేసిన సొరానస్‌తో మొదలుపెట్టాం. మంత్రసాని ఎలా ఉండాలో ఆయన చెప్పిన మాటలు అందరికీ నచ్చాయి: చదువు వచ్చి ఉండాలి, గుట్టు దాచగలగాలి, డబ్బాశ ఉండకూడదు, వేళ్లు సన్నగా పొడుగ్గా, గోళ్లు పొట్టిగా ఉండాలి. పాలు మంచివో కావో తెలియడానికి ఒక చుక్క గోటిమీద వేసి చూడమన్నాడు. ఇంత జాగ్రత్తపరుడూ తల్లికి మొదట పడే పాలు బిడ్డకు మంచివి కావని, ముందు తేనె నాకించమని రాశాడు.

తర్వాత సుశ్రుత సంహిత తీశాం. పాలు పడడానికి మూడు నాలుగు రోజులు పడుతుందని, అందాకా తేనె, నెయ్యి పెట్టమని అందులో ఉంది. చరక సంహిత కూడా తేనె, నెయ్యితోనే మొదలుపెడుతుంది కానీ ఆ తర్వాత ముందు కుడి రొమ్ము పట్టించమంటుంది, రోజులు ఆగమనదు. ఈ తేడా మీద ఆ రోజు గంటన్నర వాదన నడిచింది. నర్సుగా పనిచేసిన సభ్యురాలు ఒకరు చివరికి తేల్చి చెప్పారు: పుట్టిన గంటలోపే పాలు పట్టించాలి, ఆ ముర్రుపాలలోనే రోగాలను అడ్డుకునే పదార్థాలు ఉంటాయి, ఏడాది నిండేదాకా తేనె జోలికే వెళ్లకూడదు. ఇంగ్లండ్‌లో విలియం కాడొగన్ అనే వైద్యుడు 1748లో మొదటి పాలను సమర్థించాడని చదివినప్పుడు చప్పట్లు పడ్డాయి. ఆ మనిషే బిడ్డల పెంపకాన్ని ఇన్నాళ్లూ ఆడవాళ్లకు వదిలేయడమే తప్పన్నాడని తెలిశాక చప్పట్లు ఆగిపోయాయి. రోజుకు నాలుగుసార్లే పాలివ్వమన్నదీ ఆయనే!

అచ్చు పుస్తకాల సంగతి త్వరగానే ముగించాం. పిల్లల జబ్బుల మీద మొదటి అచ్చు పుస్తకం 1472లో పాడువాలో వచ్చింది, రాసినవాడు పాఓలో బాజెల్లార్దో. మరుసటి ఏడే మెట్లింగర్ అనే వైద్యుడు అదే అంశం మీద జర్మన్‌లో రాశాడు. 1513లో మంత్రసానుల కోసం రోస్లిన్ అనే జర్మన్ వైద్యుడు రాసిన పుస్తకంలో గర్భంలోని శిశువు బొమ్మలు చూసి అందరం నవ్వాం. బోర్లించిన సీసాలో చిన్న పెద్దమనిషి ఈత కొడుతున్నట్టుంటాయి.

నా మటుకు నాకు ఈ ఏడాదిలో నచ్చినవి కాన్పులు చేసిన స్త్రీలే రాసిన పుస్తకాలు. ముప్పై ఏళ్లకు పైగా మంత్రసానిగా పనిచేశానని జేన్ షార్ప్ 1671లో తన పుస్తకం మొదటి పేజీలోనే వేయించుకుంది. ఫ్రాన్స్‌లో మదామ్ దు కుద్రే పుస్తకం రాసి ఊరుకోలేదు. గుడ్డతో గర్భం, బిడ్డ బొమ్మలు కుట్టించి, రాజు అనుమతితో ఊరూరా తిరిగి పల్లె స్త్రీలకు కాన్పు చేయడం నేర్పింది. ఆ సమావేశానికి మన సభ్యురాలు ఒకరు పాత దుప్పటితో అలాంటి బొమ్మ కుట్టి తెచ్చారు. ఎదురుకాళ్లతో వచ్చే బిడ్డను ఎలా తీస్తారో దానిమీద చూపిస్తుంటే ఫోన్లు చూసేవాళ్లు కూడా లేచి వచ్చారు. ఆ బొమ్మ ఇప్పుడు సంఘం బీరువాలో ఉంది.

కాన్పు చేసే ముందు వైద్యులు చేతులు కడుక్కోవాలని పోరాడిన సెమ్మెల్వైస్ అనే వైద్యుడి 1861 పుస్తకం మిగిలిపోయింది. వచ్చే ఏడాది మొదటి సమావేశం దానిమీదే. ఆ తర్వాత అమెరికాలో హోల్ట్ అనే పిల్లల వైద్యుడు 1894లో పసిపిల్లల పెంపకం మీద ప్రశ్నలు, జవాబులుగా రాసిన పుస్తకం చదువుతాం.

లెక్కలు కోశాధికారి విడిగా చదువుతారు. జిరాక్స్ ప్రతులు తీసుకెళ్లినవాళ్లు దయచేసి ఈ నెలాఖరులోగా తిరిగి ఇవ్వండి. చరకం ప్రతి ఎవరి దగ్గరుందో నాకు తెలుసు.

ఇట్లు,
కార్యదర్శి