కలెక్టర్ గారూ, మా పిల్లల బడిలో ఒక నర్సును పెట్టండి

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మాది గాజువాక. మా పాప ప్రభుత్వ బడిలో తొమ్మిదో తరగతి. మొన్న ప్రార్థన వేళ కళ్లు తిరిగి పడిపోయింది. నేను వెళ్లేసరికి టీచరమ్మ దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, నోటుపుస్తకం అట్టతో విసురుతోంది. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది పాపం? బడిలో ఉన్నది కాస్త దూది, ఒక అయోడిన్ సీసా. కేజీహెచ్ పెద్దాసుపత్రిలో రక్తం తక్కువన్నారు. ఆ రాత్రి పక్కలో పడుకుని మెల్లగా చెప్పింది: పరీక్షల దిగులుతో నెల రోజులుగా అన్నం పారబోస్తోందట. నాకే తెలియలేదు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. బడికి వచ్చి పిల్లల్ని చూస్తారు, మంచిదే. కానీ ఏడాదికోసారి కనబడే డాక్టరుకు ఏ పిల్ల మనసు విప్పుతుంది? మనసు బాగోలేనప్పుడు మాట్లాడేందుకు ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ ఫోను నంబరు 14416 ఉంది. ఒక్క గది ఇంట్లో, నాన్న ఫోను తీసుకుని, అందరి ముందు ఏమని మాట్లాడుతుంది? వాల్తేరు మానసిక ఆసుపత్రికి తీసుకెళ్దామంటే, ‘పిల్లకు పిచ్చా’ అని చుట్టాలే అడుగుతారు.

అందుకే అడుగుతున్నాను. నాలుగైదు బడులకు కలిపి ఒక నర్సు, వారానికో రోజు కౌన్సెలర్, తలుపు వేసుకుని మాట్లాడుకునే ఒక గది. తలుపు ముఖ్యమండి. వచ్చే విద్యా సంవత్సరానికైనా గాజువాక, మల్కాపురం బడుల్లో మొదలుపెట్టించండి.

ఇట్లు,
ఒక తల్లి, గాజువాక